వాటా కోసం వచ్చానండీ

ఒక పెద్దమనిషి జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న మంచిపేరుని నేను పది నిమిషాల్లో కృష్ణలో కలిపేశాను. ఆయన అప్పటికే పోయి ఆరు నెలలైంది కాబట్టి నన్నేమీ అనలేకపోయాడు. ఆయన కొడుకులు మాత్రం అనాల్సినవన్నీ అన్నారు. అదంతా ఒక్క మాట వల్ల జరిగింది. అసలు నిజం చెప్పాలంటే, నేను చెప్పకుండా మింగేసిన ఇంకో మాట వల్ల జరిగింది.

అప్పుడు నేను ఇంజనీరింగ్ రెండో ఏడు. ఒక సోమవారం వార్డెన్ గారు వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టారు: "రిపేర్ల నిమిత్తం శనివారం సాయంత్రంలోగా హాస్టల్ ఖాళీ చేయవలెను. విద్యార్థులు బయట వసతి చూసుకొనగలరు." కింద ఒక దణ్ణం బొమ్మ. హాస్టలు హాస్టలంతా ఒక్కసారిగా విజయవాడ మీద పడింది. ఆ వారం పటమటలో ఎక్కడ టూ-లెట్ బోర్డు కనిపించినా దాని కింద పదిమంది కాబోయే ఇంజనీర్లు బ్యాగులతో నిలబడి ఉండేవాళ్ళు.

మా ఊరు బందరు అవతల, సముద్రం పక్కన. నాన్న చేపల వేటకెళ్తాడు. అమ్మ పేరు మంగమ్మ. ఆదివారం ఆదివారం తొలి బస్సుకి చేపల బుట్ట వేసుకొచ్చి, పటమటలో అమ్ముకుని, సాయంత్రానికి ఊరెళ్ళిపోతుంది. మొదటి ఇంటాయన "మీవాళ్ళేం చేస్తారు బాబూ?" అంటే నేను ఇదంతా చెప్పాను. ఆయన గాలి ఒకసారి పీల్చి చూసుకుని, "గది నిన్ననే ఇచ్చేశాం నాన్నా" అన్నాడు. బోర్డు ఆయన తల వెనకే ఊగుతోంది. రెండో ఇంట్లో అంతే, మూడో ఇంట్లోనూ అంతే. గది దొరక్కపోతే రోజూ బందరు నుంచి రావాలి. నా అటెండెన్స్ అప్పటికే కొనఊపిరితో ఉంది. అది పోతే ఏడాది పోతుంది.

శుక్రవారం అమ్మకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను.

"ఒరే, పటమటలో నా దగ్గర చేపలు కొనే పెద్దాయన ఉండేవారు చూడు," అంది అమ్మ. "ఆయనెప్పుడో మాటిచ్చార్రా. మంగమ్మా, మీవాడికి ఎప్పుడు కావాలన్నా మా ఇంట్లో వాటా ఉంది, పంపించు అన్నారు. పాపం పోయారు. అమ్మగారుంటారు. వెళ్ళి చేపల మంగమ్మ కొడుకునని చెప్పు."

వాటా అంటే మా వైపు పెద్దవాళ్ళ లెక్కలో, ఇంట్లో అద్దెకిచ్చే భాగం. విజయవాడలో ఇప్పుడు దాన్నే పోర్షన్ అంటున్నారు. వాటాకి ఇంకో అర్థం కూడా ఉందని మీకు తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు.

నా రూమ్మేట్ సలీందీ ఇదే కష్టం. గుడివాడ కుర్రాడు. "నా పేరు చెప్పగానే గది నిండిపోతుందిరా," అన్నాడు. "నా పేరు నేను దాచుకోలేను. నీ చేపల్ని నువ్వు దాచుకోవచ్చుగా?"

"అబద్ధమాడమంటావా?"

"అబద్ధం దేనికి? అన్నీ చెప్పు. చేపలొక్కటీ తీసెయ్. దీన్ని ఎడిటింగ్ అంటారు."

శనివారం పొద్దున పదింటికి ఆ ఇంటికి వెళ్ళాం. సలీం ట్రంకుపెట్టెలతో గేటు దగ్గరే ఉండిపోయాడు. మెట్ల దగ్గర నాలుగు జతల చెప్పులున్నాయి. మనకన్నా ముందే ఎవరో గది కోసం వచ్చేశారనుకున్నాను. లోపల్నుంచి "వెనక వాటా నాకే కావాలి" అన్న గొంతు కూడా వినిపించింది. ఇంకేముంది, పరుగున లోపలికి దూరాను.

హాల్లో నలభై దాటిన ఇద్దరు మగవాళ్ళు కొలతల టేపుకి చెరో కొసా పట్టుకుని నిలబడి ఉన్నారు. కుర్చీలో ఒక పెద్దమనిషి కాగితం, పెన్నుతో కూర్చున్నారు. గోడ పక్కన ఒక పెద్దావిడ తలెత్తకుండా చిక్కుడుకాయలు వలుస్తోంది. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది.

"ఎవరు బాబూ?" అన్నాడు టేపు పట్టుకున్న పెద్దతను.

"వాటా కోసం వచ్చానండీ. దయచేసి ఇంకెవరికీ ఇవ్వకండి."

చిన్నతని చేతిలోంచి టేపు జారి, సర్రుమని అన్నగారి వేళ్ళ మీదికి చుట్టుకుపోయింది.

"ఏ వాటా?"

"ఈ ఇంట్లోదేనండీ. పెద్దాయన గారు బతికుండగా మాటిచ్చారు."

"ఎవరికి?"

"మా అమ్మకండీ."

పెద్దతను వేళ్ళకి చుట్టుకున్న టేపు విడిపించుకున్నాడు.

"మీ అమ్మెవరు?"

చేపల మంగమ్మ. రెండే రెండు మాటలు. పెద్దాయన చేపలు కొన్నా వీళ్ళూ గాలి పీల్చి చూస్తారేమోనని అక్కడే నేను ఎడిటింగ్ చేశాను. "మంగమ్మ గారండీ," అన్నాను.

"ఆ మంగమ్మ గారు మా నాన్నకెలా తెలుసు?"

"ఏళ్ళ తరబడి పరిచయమండీ. నా చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే మా అమ్మ దగ్గరికి వచ్చేవారు. వాన పడినా మానేవారు కాదు."

"నేను ఫోన్ చేసినప్పుడల్లా వాకింగ్‌కెళ్ళారనేవారు!" అన్నాడు చిన్నతను. వాళ్ళిద్దరూ ఉండేది హైదరాబాద్‌లో. ఇరవై ఏళ్ళుగా ఆదివారాల్లో తండ్రి ఎటు వెళ్ళేవాడో వాళ్ళకి తెలీదు.

"వాకింగ్ అయ్యాకే వచ్చేవారండీ," అని సాయం చేశాను. "నేనంటే ఎంత ఇష్టమో! వాణ్ణి బాగా చదివించు అని అమ్మకి చెప్పేవారు. నాకు పుస్తకాలు కూడా కొనిచ్చారు."

"మరి మీ నాన్న?" అన్నారు కుర్చీలో పెద్దమనిషి, గొంతు బాగా తగ్గించి.

సముద్రం అంటే చేపలు బయటపడతాయి కదా! "ఆయన ఎక్కువగా బయటే ఉంటారండీ," అన్నాను. "ఇంటిపట్టున ఉండేది తక్కువ."

పెద్దకొడుకు కూలబడ్డాడు. చిన్నకొడుకు నన్ను మోసగాడన్నాడు, దొంగన్నాడు, పోలీసులన్నాడు. గది అడిగితే పోలీసులెందుకో నాకు బొత్తిగా అర్థం కాలేదు. విజయవాడలో గదులకి ఇంత కరువొచ్చిందా అని ఆశ్చర్యపోయాను.

అప్పుడు లేచింది ఆ పెద్దావిడ. దగ్గరికొచ్చి నా మొహంలోకి చూసింది.

"టిఫిన్ చేశావా?"

"లేదండీ."

నన్ను కూర్చోబెట్టి పెసరట్టు పెట్టింది. నేను మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కొడుకుల వైపు తిరిగింది.

"టేపు మళ్ళీ తీయండి. రెండు కాదు, మూడు వాటాలు వేయండి. మీ నాన్న మాటిచ్చాక నేను తప్పను."

మూడు అన్న మాట చెవిన పడ్డాక గానీ నా బుర్ర వెలగలేదు. అది గది కోసం పోటీ కాదు, ఇల్లు పంచుకునే పంచాయితీ! నేను కాస్తా ఆ ఫోటోలో ఆయనకి మూడో కొడుకుని!

"అయ్యో అమ్మగారూ, నేను..."

"తినేటప్పుడు మాట్లాడకు, పొలమారుతుంది," అంటూ ఇంకో పెసరట్టు వేసింది.

"అది కాదండీ, అద్దెకి..."

"అల్లం పచ్చడి వేసుకో." గరిటెడు వేసింది. ఆ పచ్చడి ఘాటుకి మాటలు కాదు, కన్నీళ్ళొచ్చాయి. అవి చూసి పెద్దకొడుకు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

పెద్దమనిషి పెన్ను మూసేశారు. "మూడో మనిషి వచ్చాడంటే కోర్టులు, సాక్ష్యాలు... ఊరంతా తెలుస్తుంది. ఆలోచించుకోండి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచీ వాళ్ళకి కుదిరిన మొదటి ఒప్పందం అదేననుకుంటాను. "వద్దు వద్దు. ఇప్పుడు పంపకమే వద్దు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇల్లు అమ్మదే."

"కాగితం మీద రాయండి," అంది ఆవిడ.

రాశారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుని, తీరిగ్గా నా దగ్గరికొచ్చింది.

"ఇప్పుడు చెప్పు బాబూ. మీ అమ్మ ఏం చేస్తుంది?"

"చేపలమ్ముతుందండీ," అన్నాను, ఏడుపు గొంతుతో. "నాకు ఆస్తి వద్దండీ. అద్దెకి ఒక గది చాలు."

"విన్నార్రా?" అంది కొడుకులతో. "ఆదివారం ఆదివారం చేతికి సంచిచ్చి ఆయన్ని మంగమ్మ దగ్గరికి పంపింది నేనే. వీడి మొహం చూడగానే మంగమ్మే వచ్చిందనుకున్నా, అవే పోలికలు. మిమ్మల్ని కన్న తండ్రిని పది నిమిషాల్లో అనుమానించారే! పదండి, ఫోటో ముందు లెంపలేసుకోండి."

వేసుకున్నారు. ఎందుకైనా మంచిదని నేనూ వేసుకున్నాను.

ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినప్పుడు చూశాను. తుఫాను ముందు మా ఊరి సముద్రాన్నీ చూశాను. ఆ చిక్కుడుకాయల పళ్ళెం ముందు నిలబడినంత భయంగా, భక్తిగా నేను ఇంకెక్కడా నిలబడలేదు. ఆరు నెలలుగా ఇంటి కోసం కొడుకులతో వాదించలేక నోరు మూసుకున్న మనిషి, దారే పోయే వెర్రివాడొకడు లోపలికొస్తే, రెండు పెసరట్లతో ఇల్లు నిలబెట్టుకుంది. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కాను కూడా.

"గేటు దగ్గర ఎండలో ఎవరు?" అంది.

"నా ఫ్రెండండీ. వాడికీ గది లేదు." సలీం లోపలికొచ్చి, పేరు చెప్పి, అలవాటుగా వెనక్కి తిరగబోయాడు.

"ఎక్కడికి? నీ పెసరట్టులో ఉల్లిపాయ వెయ్యనా, వద్దా?" అంది ఆవిడ. వెనక వాటా మా ఇద్దరిదీ అయింది. అంటే, అద్దెకి.

మర్నాడు ఆదివారం. బేరాలయ్యాక అమ్మ మమ్మల్ని చూడ్డానికొచ్చింది. అమ్మగారు జరిగిందంతా చెబితే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయన గారా అమ్మా? వంజరం ముక్కకి అరగంట బేరమాడేవారు. రెండో సంసారం పెడతారా! ఎంత ఖర్చు!"

అమ్మగారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆయన పోయాక నవ్వడం ఇదే మొదటిసారి అంది.

అమ్మ కూడా నవ్వింది. ఉన్నట్టుండి ఆగి, నావైపు తిరిగింది. "అంతా చెప్పావు గానీ, నన్ను దాచావన్నమాట," అంది.

ఆ సాయంత్రం బస్టాండు దాకా ఆమె ఖాళీ బుట్ట నేనే మోశాను. అది చాలదని నాకు తెలుసు. అందుకని పాఠక మహాశయుల ఎదుట చెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ గడప తొక్కినా ముందు మా అమ్మ బుట్ట గురించి చెబుతాను, తర్వాతే నా పేరు. గది ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. పోయిన పెద్దమనుషులకి కొడుకునై పుట్టే పని మాత్రం ఈ జన్మలో మళ్ళీ పెట్టుకోను.