పెద్దమ్మ మిగిల్చిన సగం డాబా

మా పక్కింటి పెద్దమ్మ కాలం చేసింది. ఎండలు ముదరకముందే, నిద్రలోనే పోయింది. హైదరాబాద్ ఛత్రినాకలో మా గల్లీకి వచ్చిపోయేవాళ్లకు ఆమె డాబా గుర్తుండే ఉంటుంది. సగం సోలార్ ప్యానెళ్లు, సగం వడియాలు.

మా గల్లీలో ఇళ్లు ఒకదాన్నొకటి రాసుకుని ఉంటాయి. మా ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. సరిగ్గా ఎండ పడేది పెద్దమ్మ డాబా మీదే. అందుకని వేసవి వస్తే అందరి వడియాలూ మిరపకాయలూ అక్కడికే ఎక్కేవి. డాబా తలుపుకు ఆమె ఏనాడూ గొళ్లెం పెట్టలేదు. ఎవరైనా మొహమాటపడితే, "ఎండ నేనిస్తున్ననా?" అనేది.

సోలార్ పెట్టిద్దామన్నదీ ఆమే. "గింత ఎండ ఊకెనే పోతున్నది, పంకా అన్న తిప్పనీ" అన్నది. బిగించడానికి వచ్చిన మనిషి డాబా అంతా కొలిచి, మొత్తం పరిస్తే మస్తు కరెంటు వస్తుందన్నాడు. కొడుకు సరేనన్నాడు. పెద్దమ్మ మాత్రం డాబా మధ్యలో నిలబడింది.

"గీడిదాంక నీ ప్యానెళ్లు. అవతలిది గల్లీది."

కొడుకు చాలా చెప్పి చూశాడు. తల్లి ముందు అతని మాట ఎప్పుడు నెగ్గింది గనక.

మొదటి వేసవిలోనే ఒకరోజు సోలార్ కరెంటు బాగా తగ్గిపోయింది. కొడుకు కంగారుగా ప్యానెళ్లు బిగించిన మనిషిని పిలిపించాడు. అందరం పైకి ఎక్కి చూస్తే, ప్యానెళ్ల మీద పెద్దమ్మ నీలం చీర, అంచులకు బట్టల క్లిప్పులు, చీర నిండా సగ్గుబియ్యం వడియాలు. ఎదురింటి ముస్లిం పెద్దావిడ, మా అందరి ఖాలా, మిరపకాయలు ఎక్కువ తెచ్చిందని, ఆమెకు చోటిచ్చి తనవి ఇటు జరిపిందట.

"పెద్దమ్మా, ఎండ తగలకుంటే కరెంటెట్ల వస్తది?" అన్నాడతను నవ్వాపుకుంటూ.

"పల్చటి చీరనే గద బిడ్డా."

వడియాలు ఎండాక అతనికీ ఒక పొట్లం పంపింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే దేవుడి పటాలు తుడిచినట్టు ఆ ప్యానెళ్లు తుడిచేది. కొత్త కోడలిగా వచ్చిన నాకు వడియాలు పెట్టడం నేర్పింది ఆమే. నావి విరిగిపోతే తనవి నా డబ్బాలో పోసి, మా అత్తకు చెప్పొద్దనేది. ఆమె లేకుండా ఈ వేసవి నాకు వెలితిగా ఉంది.

ఆమె పోయాక గల్లీ అంతటికీ ఒకటే దిగులు, మిగిలిన సగంలోనూ ప్యానెళ్లు వచ్చేస్తాయని. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కర్మలు అయిన కొన్నాళ్లకు ఖాలా మిరపకాయల గంపతో మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె వెనక నేనూ ఆగాను. పైనుంచి కొడుకు తొంగి చూశాడు.

"ఆడనే నిలబడ్డరేంది? రాండ్రి."

వెళ్లి చూస్తే, ఖాళీ సగంలో ఆ నీలం చీర పరిచి ఉంది. అతను వంగి మూలమూలకూ రాయి పెడుతున్నాడు. గాలికి చీర మధ్యలో కాస్త లేచి, మళ్లీ నేలకు ఆనింది.