మౌనస్వామి మూడు నిమిషాలు

సముద్రం ఒడ్డున, ఓడలతో మాట్లాడే ఆ రేడియో స్టేషన్‌లో ఇరవై ఆరేళ్ళు ఆపరేటరుగా పనిచేసి ఆయన సంపాదించిన ఏకైక బిరుదు ‘మౌనస్వామి’. ప్రభుత్వం ఇచ్చింది కాదు, తోటి ఉద్యోగులు ఉచితంగా తగిలించింది.

దానికి మూలపురుషుడు గోడ గడియారం. దాని ముఖాన గంట దగ్గరొకటి, అరగంట దగ్గరొకటి, మూడేసి నిమిషాల మేర ఎర్రరంగు పూసి ఉంటుంది. ముల్లు ఆ ఎరుపులో నడిచినంతసేపూ ఓడలు, పడవలు, స్టేషన్లు సమస్తమూ నోరు మూసుకుని వినాలి. గట్టి గొంతులన్నీ ఆగితే, బ్యాటరీ చావబోతున్న ఏ చిన్న పడవ మూలుగైనా చెవిన పడుతుందని ఏర్పాటు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మాట వినడానికి లోకంలో రాసుకున్న నియమం ఇదొక్కటేనని ఆయన నమ్మకం. ఇంట్లోనూ పాటించేవాడు. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

“అరగంటకోసారి మూడు నిమిషాలు మౌనవ్రతంరా తమ్ముడూ,” అనేది ఆయన భార్య, తన తమ్ముడితో. “మిగతా ఇరవై ఏడు నిమిషాలూ గలగలా మాట్లాడేస్తున్నట్టు!”

రోజూ పొద్దున ఎనిమిదింటికి రేడియోలో టైము చెప్పే ఆరు కూతలు వస్తాయి. ఆరో కూతకు గోడ గడియారాన్ని సరిదిద్ది, ఎంత తేడా ఉందో లాగ్ పుస్తకంలో రాయడం స్టేషన్ ఆనవాయితీ. కొత్త సూపరింటెండెంటు వస్తూనే గడియారం అద్దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

“నలుగురి చేతులూ పడితే ఏ యంత్రమైనా చెడుతుందయ్యా,” అన్నాడు.

ఒక్కరి చేయీ పడకపోయినా చెడింది. గడియారం రోజురోజుకీ వెనకబడసాగింది. మౌనస్వామి తొమ్మిది రోజులు ఆ తేడాను లాగ్‌లో రాశాడు. పదో రోజు సూపరింటెండెంటు గదినుంచి పిలుపొచ్చింది.

“ఏం స్వామీ, లాగ్ పుస్తకం ఓడల కోసమా, గోడ గడియారం మీద చాడీలకా?”

“నాలుగు నిమిషాలు వెనకుందండీ.”

“నీ చేతి వాచీయే ముందుందేమో! ఈ స్టేషన్లో గోడ ఎంతంటే అంతే టైము. అర్థమైందా?”

“అర్థమైందండీ.”

కాలేదనడానికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు అడ్డొచ్చింది. ఆ రోజునుంచి రాయడం మానేశాడు.

ఆ తర్వాత రెండు రోజులకు, మధ్యాహ్నం వాతావరణం చదివే వేళ. గోడ మీద రెండూ ఇరవై అయిదు. ఆరు కూతలకు సరిపెట్టుకున్న చేతి వాచీలో సరిగ్గా రెండున్నర. మైకు మీద ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే కొండమీది టవరు నోరు తెరుస్తుంది, బల్లమీది రిసీవరు చెవులు మూసుకుంటుంది. ఒకేసారి మాట్లాడుతూ వినడం మనుషులకే చేతకాదు, యంత్రాలకేం వస్తుంది? ఆయన మణికట్టు చూశాడు. గోడ చూశాడు. మీట నొక్కాడు.

“సముద్రం ప్రశాంతంగా ఉంటుంది...” అంటూ అయిదు నిమిషాలు చదివాడు. గోడ ముల్లు ఎరుపులోకి రాగానే ఆపి, మూడు నిమిషాలు భక్తిగా విన్నాడు. బుస తప్ప ఏమీ వినిపించలేదు.

సాయంత్రం దూరాన పోతున్న ఓడ ఒకటి కబురు చెప్పింది: “రెండున్నరకు నలుగురున్న పడవ మూడు నిమిషాలు మిమ్మల్నే పిలిచింది. నీళ్ళు బ్యాటరీదాకా వచ్చాయంది. ఎక్కడుందో మాకు సరిగా అందలేదు. మీరు వాతావరణం చదువుతున్నారు.”

మర్నాడు చెక్కలు ఒడ్డుకొచ్చాయి. నలుగురూ రాలేదు.

విచారణ నాటికి గోడ గడియారం సెకను తేడా లేకుండా నడుస్తోంది. ముందురోజు సాయంత్రం దాని తాళం తెరుచుకుంది.

“ఆవేళ గడియారం అయిదు నిమిషాలు వెనకుందండీ,” అన్నాడు మౌనస్వామి.

విచారణాధికారి లాగ్ తిరగేశాడు. “తొమ్మిది రోజులు రాశారు. తర్వాత రాయలేదు. అంటే బాగుపడిందనేగా?”

“నా చేతి వాచీ...”

“అది స్టేషన్ సామాన్ల జాబితాలో ఉందా?”

లేదు. కనుక తేలింది ఏమంటే, స్టేషన్ నిశ్శబ్దవేళను నిమిషం తప్పకుండా పాటించింది. పడవవాళ్ళే వేళ తప్పి పిలిచారు. ఆపరేటరు క్రమశిక్షణను మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా చేర్చారు. సూపరింటెండెంటు ఆయన భుజం తట్టాడు.

వరండా బల్లమీద పడవ డ్రైవరు భార్య కూర్చుని ఉంది. ఈయన్ని చూసి లేచింది.

“వేళ తప్పాడంటగా అన్నా? రోజూ పొద్దున్నే కూతలు విని వాచీ సరిచేసుకునేవాడే! ఎలా తప్పాడు?”

“తప్పలేదమ్మా. వేళకే పిలిచాడు. అప్పుడు నేను మాట్లాడుతున్నాను.”

ఆమె విచారణ గది తలుపు వైపు చూసింది.

“ఆ మాట లోపల చెప్పావా?”

“చెప్పానమ్మా. వాళ్ళు రాసుకోలేదు. గడియారం వెనకబడిందని పుస్తకంలో నేనూ రాయలేదు.”

“నువ్వు రాసి ఉంటే?”

లోపల గోడ గడియారం గంట కొట్టింది. ఆయన మాట్లాడలేదు. అలవాటని ఆమెకు తెలియదు. అలవాటు కాదని ఆయనకు తెలుసు. ఆమె మూడు నిమిషాలూ ఆగలేదు.