షావుకారి పచ్చిపాలు

బోరిగుమ్మలో పసుపు, చింతపండు టోకు వ్యాపారం చేసే రామలింగానికి ఎంగిలి అంటే కంపరం. సంతరోజు కొండ మీంచి సరుకు దింపిన రైతు దాహమంటే, చెంబెత్తి దోసిట్లో పోస్తాడే తప్ప గ్లాసివ్వడు. అంతటి శుచిమంతుడు పెరట్లో ఆవు పాలని మాత్రం పొయ్యి ఎక్కనివ్వడు. "కాస్తే బలం సచ్చిపోతాది. పొదుగు కాడ ఏడి సాల్దా?" అంటాడు. పచ్చిపాలు తాగొద్దని పశువుల డాక్టరు సస్మిత చెప్పి చూసింది. ఆవిడ చదువు మీద అతనికి జాలి. పార్వతీపురం నుంచి వచ్చిన తన తాత ఏ డాక్టర్ని అడిగి తాగాడట!

మొన్న పౌర్ణమికి ఇంట్లో వ్రతం చేసి, ఆ పచ్చిపాలతోనే పంచామృతం కలిపి వీధంతటికీ పంచాడు. మర్నాటి నుంచి ఆవు మేత ముట్టలేదు. నోటి వెంట చొంగ, గొంతు మారిన అరుపు.

ఇలాంటప్పుడు తెలివైనవాడు డాక్టర్ని పిలుస్తాడు. రామలింగం అంతకన్నా తెలివైనవాడు. గొంతులో మామిడి టెంక అడ్డుపడిందని తేల్చేసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాడు. టెంక దొరకలేదు గానీ ఆవు పళ్ళు గీరుకుని నెత్తురొచ్చింది. కడుక్కోమని భార్య రాజ్యం సబ్బు తెస్తే కోప్పడ్డాడు.

"గోమాత నోరు ఎంగిలేటే?"

మనిషి పెదవి తగిలితే గ్లాసుకి మైల, ఆవు చొంగ పుండుకి తీర్థం! ఈ శాస్త్రం రాసినవాడు కనబడితే నాలుగు దులపాలని నాకుంది.

రాజ్యమే ఫోన్ చేసి సస్మితని రప్పించింది. దూరం నుంచి చూస్తూనే ఆవిడ మొహం మారింది. ఆవుని కుక్కేమైనా కరిచిందా అని అడిగింది.

"కుక్కా లేదు, నక్కా లేదు," అన్నాడు రామలింగం.

"అదేటండి, పోయిన నెల పశువుల సాలలోకి ఎర్రికుక్క దూరితే మీరే కర్రట్టుకుని తరిమేరు కదా," అంది రాజ్యం.

సస్మిత ఇక దాచలేదు. ఇది పిచ్చికుక్క జబ్బులాగే ఉంది, చెయ్యి ఇప్పుడే సబ్బుతో బాగా కడగండి, ఈరోజే ఆసుపత్రికెళ్ళి సూదులు వేయించుకోండి, జబ్బు బయటపడ్డాక బతికించే మందు లేదు అంది. కాచిన పాలైతే భయం ఉండేది కాదు, పచ్చివి గనక తాగినవాళ్ళందరూ డాక్టరుకి చూపించుకోవాలంది.

మర్నాడు ఆవు చచ్చిపోయింది. రామలింగం మాత్రం ఇల్లు కదల్లేదు. అతని భయం సూదికి కాదు, వీధికి. ప్రసాదమని చెప్పి పిచ్చావు పాలు తాగించాడంటారని.

"ఎవరైనా ఇంటికొచ్చి గుట్టుగా సూది పొడిసెళ్తే పొడవమను. పంచామృతం ఊసెత్తకు," అన్నాడు భార్యతో.

తన ప్రాణం తన ఇష్టం అనుకుందాం. వీధి ప్రాణాలు కూడా ఈయన పరువుకే కాపలా కాయాలా? నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాజ్యం పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళి చెప్పేసింది. "మా ఆవుకి ఎర్రికుక్క జబ్బొచ్చింది. మా ఇంట్లో పంచామృతం తాగినోల్లు ఆసుపత్రికెళ్ళండి, తల్లీ." తిరిగొచ్చి మొగుడి చొక్కా చేతికిచ్చింది.

"మీ పరువు కోసం నా బొట్టు సెరుపుకోలేను. లెగండి."

ఆసుపత్రి వరండాలో వీధంతా ఉంది. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. "సావుకారూ, తవరినేటి కరిసిందండి?" అని టీకొట్టు మల్లేశు గట్టిగా అడిగాడు.

పక్కింటి సుధకి ఏడో నెల. బిడ్డకి మంచిదని రామలింగమే ఆమెకి రెండోసారి పంచామృతం పోశాడు. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. పొట్ట మీద చెయ్యేసుకుని దగ్గరకొచ్చింది.

"బాబాయ్, నా కడుపులో బిడ్డకేటీ అవ్వదు కదా?"

రామలింగానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెల్దమ్మీ. లోపల డాక్టరమ్మున్నాది, అడుగుదాం నడు," అన్నాడు.

ఆ నోట 'నాకు తెలీదు' అన్న మాట రావడానికి ఒక ఆవు చావాల్సొచ్చింది, వీధి వీధంతా సూదుల వరసలో నిలబడాల్సొచ్చింది, ఒక కడుపుతో ఉన్న పిల్ల అలా అడగాల్సొచ్చింది.