మొగకు దక్షిణాన పోసిన ఇసుక

మా పేటలో ఎర్రన్న లేకుండా ఎవరూ మొగ దాటరు. చేపల వేట నిషేధం ముగిశాక, మొదటి బోటు ముందు కొసన ఆయన నిలబడి, ఏరు సముద్రంలో కలిసే ఆ చోట గెడ దింపి లోతు చూసి, చేయి ఊపితేనే మిగతా బోట్లు కదులుతాయి. అది తాతలనాటి మర్యాద. మర్యాద ఎంత పెద్దదో జారినప్పుడు దెబ్బ అంత గట్టిది మరి!

ఈ ఏడు మొగ పూడిపోయిందని వేసవిలో ఇసుక తోడే డ్రెడ్జరు వచ్చింది. వేట లేక మగాళ్లంతా కూలిపనులకు పోయారు. దారి చూపడానికి ఎర్రన్నే మిగిలాడు. డ్రెడ్జరు సూపర్‌వైజరు జగన్నాధం నెమ్మదస్తుడు. పెద్దవాడని గౌరవించి, "తాతా, తోడిన ఇసుక ఎటు పోయించమంటావు?" అని అడిగాడు.

ఉత్తరానికి పోయించాలి. దక్షిణపు గాలి పట్టిందంటే నీరు ఇసుకను ఉత్తరానికే లాక్కుపోతుందని మా పేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ దక్షిణపు ఒడ్డున ఎర్రన్న భార్య కూర్మమ్మ చేపలు ఎండబెట్టుకునే జాగాను సముద్రం కోసేస్తోంది. "ఆ ఇసక మనొడ్డున పడితే నా జాగా నిలబడతాది గదా" అని ఆవిడ ఒకటే పోరు. ఎర్రన్న తెలిసి తెలిసి ఆ మాట విన్నాడు.

"ఇటే పొయ్యించు బాబూ."

తిరిగొచ్చిన మగాళ్లు ఇసుక గుట్ట చూసి, డ్రెడ్జరు వాళ్లే దగ్గరని అక్కడ పోసేశారనుకున్నారు. ఎర్రన్న పక్కనుండీ కాదనలేదు కాబట్టి ఏమీ కాదులే అనుకున్నారు.

దక్షిణపు గాలి పట్టింది. గుట్ట కరిగి మొగలోకే వచ్చింది. వేట మొదలైన రోజున మొదటి బోటు ఎర్రన్న మేనల్లుడు వెంకీది. ఎర్రన్న గెడ ఎత్తి మళ్లీ దింపేలోగా బోటు ఇసుకలో కూరుకుంది. వెనక అల దాన్ని తిరగేసింది. మనుషులు ఈదుకుని బయటపడ్డారు గానీ ఇంజనూ వలలూ పోయాయి.

మర్నాడు జగన్నాధం వస్తే పేటంతా మీద పడింది.

"కూడు తిన్నోడివేనా? ఎవులైనా దచ్చినం పక్క పోస్తారేట్రా?"

జగన్నాధం ఎర్రన్న వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. దానికంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేదనిపించింది ఎర్రన్నకు.

"ఆగండ్రా! అక్కడ పొయ్యమన్నాది నాను."

అందరూ నవ్వేశారు. వెంకీ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మా మావ మనసు అలాటిదిరా. పరాయోణ్ణి తిడితే సూడలేడు. తప్పు మీదేసుకుంటన్నాడు."

"నిజంరా వెంకీ! మీ అత్త జాగా కోసమే పోయించినాను."

చెప్పినకొద్దీ జనం కళ్లలో ఇంకా పెద్దవాడైపోతున్నాడు. సిగ్గుతో ఎర్రన్న చచ్చిపోతున్నాడు.

వెంకీ నవ్వుతూనే గుంపులో ఉన్న కూర్మమ్మ వైపు తిరిగాడు. "సూడత్తా, మావ ఏటంటన్నాడో! నువ్వయినా కాదని సెప్పు."

కూర్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది.

"సెప్పత్తా."

ఆవిడ చెంగులో మొహం దాచుకుంది. వెంకీ మామ భుజం మీంచి చెయ్యి తీసేశాడు.