దూలం లేని కప్పు

యుద్ధం రోజుల్లో మాచర్ల లైనులో ఓ చిన్న స్టేషనుకు కొత్తగా వెయిటింగ్ రూము కట్టారు. సిమెంటు శ్లాబు. దూలం లేదు, దంతెలు లేవు, మధ్యలో ఒక్క స్తంభమన్నా లేదు. మిద్దె అంటే తలెత్తగానే దూలం కనపడాలి మాకు. అందుకే ఓ రోజు రైలు కోసం పోయినప్పుడు, వాన కుమ్మేస్తున్నా మా మేనత్త నన్ను లోపలికి పోనియ్యలేదు. "ఏందే ఇది, దేని మీద నిలబడింది? నెత్తిన పడితే ఎవడిది పూచీ?" అంది. తలకు గోనెసంచులు కప్పుకుని ఇద్దరం బయటే తడుస్తున్నాం.

అంతలో గళ్ళ లుంగీ కట్టుకుని, చేతిసంచీలో తాపీతో ఓ పెద్దాయన వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వి, ఎద్దును తట్టినట్టు గోడను తట్టాడు.

"రండమ్మా, ఈ శ్లాబు పోసింది నేనే. లోపల ఇనప కడ్డీలున్నాయి. పైన ఏనుగును ఎక్కించినా కదలదు."

పోసినవాడే చెప్తున్నాడు కదా అని మా అత్త పోయి సరిగ్గా నడిమధ్యన కూచుంది. నేనూ ఆమె పక్కన చేరాను. ఆయన మాత్రం గుమ్మంలోనే తువ్వాలు పరుచుకుని, ఒక కాలు బయట పెట్టుకుని కూచున్నాడు. జల్లు మొహాన కొడుతోంది.

"చానా తడుస్తున్నారు, లోపలికి రాగూడదా సాయిబు గారూ?" అన్నాను.

ఆయన ఒకసారి పైకి చూశాడు. "గాలి కోసంలే అమ్మా," అన్నాడు.

రైలొచ్చేదాకా నేను ఆ కప్పు మీంచి చూపు తియ్యలేదు.

ఇప్పుడు మా ఇల్లూ శ్లాబే. నా మంచం మాత్రం గుమ్మం పక్కనే వేయించుకుంటాను. ఎందుకని పిల్లలడిగితే, గాలి కోసమంటాను.