ప్లస్సూ మైనస్సూ మింగేసిన యాప్

రాయ్‌పూర్‌లో మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు చర్చిలో ఎవరికైనా రక్తం కావాలంటే, ఆరాధన అయ్యాక పాస్టరుగారు మైకులో చెప్పేవారు. మందిర్ హసౌద్ దగ్గర నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే కాలేజీలోనే చదివే మా కాలనీ అమ్మాయి ఆ పనికి ఒక యాప్ తయారుచేసింది. గ్రూపు కొడితే చాలు, ఐదుగురి ఫోన్ నంబర్లు వచ్చేస్తాయి. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ అమ్మాయి అక్క పురిటికి పుట్టింటికి వచ్చింది. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఓ నెగటివ్ కావాలన్నారు, ఆసుపత్రిలో లేదు. యాప్ చూపించిన ఐదుగురూ పరుగున వచ్చారు. పరీక్ష చేస్తే ఐదుగురిదీ ఓ పాజిటివ్! ఒక్కరి రక్తమూ పనికిరాదని నర్సమ్మ వెనక్కి పంపేసింది.

సంగతి తెలిసి చూడ్డానికి వెళ్తే, కావలసింది ఓ నెగటివ్ అన్నారు. నాది ఓ నెగటివ్. ఆ యాప్‌లో నా నంబరూ ఉంది. నాకు ఫోనే రాలేదు! ఇంకా నయం, కాళ్లీడ్చుకుంటూ అయినా వెళ్లాను. ముందు రక్తం ఇచ్చి, తర్వాత వరండాలో ఆ పిల్లని కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిపించాను.

"ఈ వెతికే కోడ్ నువ్వే రాశావా?"

"లేదాంటీ, నెట్‌లో ఎవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ తెచ్చి పెట్టాను. అది గలత్ ఎలా అవుతుంది?"

ఆ లైబ్రరీ మాటలు వెతకడానికి చేసింది. ప్లస్సూ మైనస్సూ లాంటి గుర్తుల్ని పారేసి అక్షరాలే చూస్తుంది. దాని కంటికి ఓ పాజిటివూ ఓ నెగటివూ ఒకటే. ఓ అన్నవాళ్లలో ముందున్న ఐదుగురినీ ఇచ్చేసింది, నా నంబరు వెనకెక్కడో ఉండిపోయింది.

"పరీక్షించి చూసుకోలేదటే?"

"చూశానాంటీ. మన కాలనీలో ఎవర్నడిగినా ఓ గ్రూపు అంటారు, అంతే. నేను వెతికి చూసినవాళ్లందరూ పాజిటివే. సబ్ సహీ ఆ రహా థా, అన్నీ సరిగ్గానే వచ్చాయి."

"రెండూ ఒకటేనా కాదా అని పోల్చడానికి ఒక్క వరుస కోడ్ చాలు కదే తల్లీ!"

"అది ఫస్ట్ సెమిస్టర్‌లో రాసేది కదాంటీ. ఇప్పుడెవరు రాస్తారు?"

నాకు చెంప ఛెళ్లుమనిపించాలన్నంత కోపం వచ్చింది. లోపల దాని అక్క ప్రాణం ఊగిసలాడుతోంది.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, గండం గడిచిందని చెప్పింది. పిల్ల నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా కళ్లూ ఆగలేదు. పోనీలే, బుద్ధి వచ్చిందిలే అనుకున్నాను.

ముక్కు తుడుచుకుని ల్యాప్‌టాప్ మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"ఆంటీ, దీనికన్నా అచ్ఛా లైబ్రరీ ఏదైనా ఉందా?"

నా చేతికి అంటించిన దూది ఇంకా తియ్యనే లేదు.