పదకొండు నిమిషాల ఊరు

బాబాయి గారు పోయారన్న కబురు సోమవారం ఉదయం గుడివాడలో మా కాలేజీకి ఫోన్‌లో వచ్చింది. అటెండరు పిలిస్తే వెళ్ళి తీసుకున్నాను. అవతల ఆయన కూతురు. "నాన్న తెల్లవారుజామున పోయారక్కా. నిద్రలోనే. బందరు వస్తారా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, బల్ల మీద తెరిచి ఉన్న పిల్లల రికార్డు పుస్తకాల్లో ఇంకో రెండింటికి సంతకాలు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. మూడోది మూసి పక్కన పెట్టాను.

ఆయన నాకు చుట్టం కాదు. తొంభైల మధ్యలో కెమిస్ట్రీ లెక్చరరుగా మొదటి ఉద్యోగానికి బందరు వెళ్ళినప్పుడు పరాసుపేటలో ఆయన మేడ మీద గదిలో అద్దెకు దిగాను. మొదటి వారం "అంకుల్" అంటే, "ఆ పిలుపు నాకు పట్టదమ్మా, బాబాయి అను" అన్నారు. అప్పటినుంచీ బాబాయి గారే.

ప్రభుత్వ ప్రచార బండిలో ప్రొజెక్టరు ఆపరేటరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. కరెంటు లేని దివిసీమ పల్లెలకు జనరేటరు వేసుకుని వెళ్ళి, వరి తెగుళ్ళ మీద, కలరా టీకాల మీద తీసిన చిన్న చిన్న సినిమాలు తెర కట్టి చూపించేవారు. వీడియోలు వచ్చాక పాత మిషన్లను వేలం వేస్తే, తాను వాడిన దాన్నే తెచ్చుకుని ముందు గదిలో పెట్టుకున్నారు. దాన్ని ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకునేవారు. బొమ్మ పడ్డాక తెరకేసి చూసేవారు కాదు. చూస్తున్న వాళ్ళ ముఖాలు చూసేవారు.

సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని సినిమా ఎలా పుట్టిందో చెప్పేవారు. తారల ఊసు ఒక్కటీ ఉండేది కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఏ క్షణంలోనైనా ఒకేసారి నేల విడుస్తాయా అని తేల్చుకోవడానికి దొరలెవరో వరసగా కెమెరాలు పెట్టిన సంగతి చెప్పేవారు. మాటలు లేని రోజుల్లో తెర పక్కన బెత్తం పట్టుకుని కథ చెప్పే మనిషిని బాబాయి గారి నాన్న బందరులోనే చూశాడట. ఆ మనిషికి గొంతు పోతే రెండు రోజులు ఆట ఆపేశారట.

"తెర మీద ఏదీ కదలదమ్మా," అనేవారు. "ఒక బొమ్మ, కాస్త చీకటి, ఇంకో బొమ్మ, కాస్త చీకటి. ఆ చీకట్లో నడిపించేది మన కళ్ళే."

మన దేశంలో తీసిన మూకీల్లో చాలావాటికి ఇప్పుడు చిన్న ముక్క కూడా మిగల్లేదని ఆయన చెబితేనే నాకు తెలిసింది. పాత రీళ్ళను కరిగించి వెండి తీసేవారట. మిగిలిన దానితో గాజులు చేసేవారట. "ఎవరి చేతికో గాజులై చిట్లిపోయుంటారు పాపం ఆ నటులంతా," అన్నారు ఒకసారి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన దగ్గర అందరికీ చూపించని రీలు ఒకటి ఉండేది. డెబ్భై ఏడు నాటి దివిసీమ ఉప్పెనకు ముందటి ఏడు, హంసలదీవి దగ్గర ఒక జాలరి పల్లెలో కొత్తగా కట్టిన చర్చి తెరిచిన ఆదివారం, విదేశాల నుంచి వచ్చిన ఒక దొరసాని చేతి కెమెరాతో తీసిందది. శబ్దం లేదు, రంగులున్నాయి. మొత్తం పదకొండు నిమిషాలు. ఆమె దాన్ని తన దేశం వెళ్ళి కడిగించి, పాస్టరు గారి పేర పార్శిల్ పంపింది. ఆ పార్శిల్ చేరేసరికి ఉప్పెన వచ్చి నాలుగు నెలలైంది. పాస్టరు గారు లేరు. చర్చి లేదు. ఊరే లేదు. ఫిల్ము ఆడించే మిషను ఈయన దగ్గరే ఉందని పోస్టాఫీసు వాళ్ళు తెచ్చి ఈయన చేతిలో పెట్టారు. పెట్టె మీదున్న అడ్రసుకు బాబాయి గారు ఉత్తరం రాయిస్తే, కొన్నాళ్ళకు అది తిరిగొచ్చింది.

ఆ రకం ఫిల్ముకు నెగటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి చూపిస్తారు. అంటే లోకం మొత్తానికీ అదొక్కటే.

ఏటా నవంబరులో, ఉప్పెన వచ్చిన రోజుకు, ఆ పల్లెలో మిగిలినవాళ్ళు పది పన్నెండు మంది మధ్యాహ్నం బస్సుకు వచ్చేవారు. బాబాయి గారు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఉత్తరం గోడకు తెర కట్టి, దాని ముందు వాళ్ళను కింద కూర్చోబెట్టి బొమ్మ వేసేవారు. నేను మొదటిసారి చూసినప్పుడు పడవలు, కొత్త సున్నం కొట్టిన చర్చి, కొంగు సర్దుకుని సిగ్గుపడే ఆడవాళ్ళు, కెమెరా అంటే ఏమిటో తెలియక కదలకుండా నిలబడ్డ ముసలాయన కనిపించారు. గదిలో ఎవరో ఒకరు ఒక్కో పేరూ చెబుతున్నారు. వాళ్ళ గొంతుల్లో ఏడుపు లేదు. హాజరు పిలుస్తున్నట్టు ఉంది. బాబాయి గారు ఓ చెయ్యి మిషను మీదే ఉంచి వేగం తగ్గించేవారు. మామూలు వేగంలో ఆడిస్తే మనుషులు గబగబా నడుస్తారు. "వాళ్ళెప్పుడూ అంత తొందరగా నడవలేదు," అనేవారు.

తొమ్మిదో నిమిషంలో ఐదేళ్ళ పిల్ల ఒకతి ఎడమవైపు నుంచి పరుగెత్తుకొచ్చి, మధ్యలో ఆగి, కెమెరాకేసి తిరిగి, నోరంతా తెరిచి నవ్వి వెళ్ళిపోతుంది. నాలుగు సెకన్లు. అప్పుడు ఒకావిడ మాత్రం ఏ పేరూ చెప్పేది కాదు. ఉప్పెన రోజున ఆవిడ ఎండుచేపలు అమ్ముకోవడానికి అవనిగడ్డ వెళ్ళి ఆగిపోయింది. మొగుడూ, కూతురూ ఇంట్లో ఉన్నారు. ఆ పిల్లకు వేరే ఫోటో లేదు.

నేను దిగిన రెండో ఏడు బాబాయి గారు రీలు డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. "ఈ వాసనేంటో చెప్పమ్మా. నువ్వు కెమిస్ట్రీ చదివావుగా." ఘాటుగా, పుల్లగా ఉంది. వెనిగర్ వాసన. ఫిల్ము దేనితో చేస్తారో నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. గాలిలో తేమ తగిలి చెడుతోందనుకున్నాను. "గాలి తగలకుండా పాలిథిన్ కవరులో చుట్టి, మూతకు టేపు వేసి గట్టిగా బిగించండి బాబాయి గారూ," అన్నాను. ధీమాగా చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే నల్ల టేపు తెచ్చి మూడు చుట్లు వేశారు. ఏటా నవంబరులో ఆట అయ్యాక మళ్ళీ అలాగే బిగించేవారు.

ఆ తర్వాత నాలుగేళ్ళకు, ఓ సెమినారుకు వెళ్ళినప్పుడు అక్కడి లైబ్రరీలో అసలు సంగతి చదివాను. ఆ ఫిల్ము చెడేటప్పుడు దానిలోంచే ఆమ్లం ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి బయటకు పోకపోతే ఫిల్మును ఇంకా వేగంగా తినేస్తుంది. గాలి ఆడేలా, చల్లగా ఉంచాలి. నేను దాన్ని దాని విషంలోనే మూతవేసి పెట్టించాను. ఆ పేజీ ముందు కూర్చుని మూడుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా అందులో అదే ఉంది.

బందరు వచ్చి ఆయనతో చెప్పాను. ఆయన మిషను తుడుస్తున్నారు, ఆపలేదు. "నీకు తెలిసింది చెప్పావు. నాకు అదీ తెలియదుగా," అన్నారు. గుడ్డ పక్కన పెట్టి, "పద, టేపు తీద్దాం," అన్నారు. టేపు తీసేసరికి ఇద్దరికీ కళ్ళు మండాయి. నావి ఇంకా చాలాసేపు మండాయి.

ఉత్తరాలు రాశాను. ఫిల్ములు భద్రపరిచే చోట్లన్నిటికీ రాశాను. వచ్చిన జవాబులన్నీ మర్యాదగానే ఉన్నాయి. చెడినదాన్ని బాగుచెయ్యలేం, మరీ కుంచించుకుపోకపోతే కాపీ తియ్యొచ్చు అన్నారు. ఇద్దరం రైల్లో చెన్నై వెళ్ళాం. దారి పొడుగునా ఆయన డబ్బాను ఒళ్ళోనే పెట్టుకున్నారు. అక్కడ లాబ్‌లో పెద్దాయన ఒకరు ఫిల్మును ఇత్తడి కొలబద్ద మీద పరిచి చూశారు. ఆయన నెల్లూరు వైపు మనిషి, తెలుగులోనే చెప్పారు.

"కుంచించుకుపోయింది, అంచు చిల్లులు మిషను పళ్ళకు అందట్లేదండీ. ఎక్కిస్తే చిరిగిపోద్ది. కొన్నేళ్ళ ముందు తెచ్చుంటే చూసేవాళ్ళం."

నేను నేలకేసి చూస్తున్నాను. "ఇంకేం దారి లేదాండీ?" అని బాబాయి గారు అడిగారు.

"ఉన్నన్నాళ్ళు ఉంచుకోండి. మిషనులో మాత్రం వెయ్యకండి."

తిరుగు రైల్లో డబ్బా మళ్ళీ ఆయన ఒళ్ళోనే ఉంది. తెనాలి దాటాక, "టీ తాగుతావా అమ్మా?" అని అడిగారు.

ఆ నవంబరులో పల్లెవాళ్ళు మళ్ళీ వచ్చారు. నేను ముందే ఆయనను బతిమాలాను. "వద్దు బాబాయి గారూ. దాచుదాం. రేపు ఏదైనా కొత్త పద్ధతి వస్తుందేమో."

"ఎవరి నుంచి దాచమంటావు? ఆ పిల్ల తల్లి నుంచా?" అన్నారు. నేను దుప్పట్లు కట్టడానికి లేచాను.

బొమ్మ వేశారు. చర్చి దాకా వచ్చింది, వణుకుతూ. నాలుగో నిమిషంలో ఫిల్ము ఆగిపోయింది. బల్బు వేడికి చర్చి గోడ మధ్యలో గోధుమరంగు బుడగ లేచి, పెద్దదై, తెరంతా తెల్లబడింది. ఆయన స్విచ్ ఆపేశారు. దుప్పట్లు తీసేశాం. ఎండలో అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేకపోయాం. ఆ పిల్ల ఇంకా ఐదు నిమిషాల దూరంలో ఉంది.

"పోనీలెండి బాబుగారూ, మీరేం చేస్తారు," అంది ఆ పిల్ల తల్లి.

ఆయన లేచి చేతులు కడుక్కున్నారు. ఆరేదాకా నిలబడ్డారు. రీలును కిటికీ దగ్గర మెల్లగా విప్పుతూ, వెలుతురుకు ఎత్తి చూస్తూ పోయారు. పావుగంట పట్టింది. తర్వాత తన కూతురి కుట్టుమిషను డ్రాయరులోంచి కత్తెర తీశారు. ఒక్క బొమ్మ తెగినా రోజంతా బాధపడే మనిషి, రెండు చోట్ల కత్తిరించి ఆ ముక్కను ఆవిడ చేతిలో పెట్టారు.

"కదలదు. అరవై పైచిలుకు బొమ్మలున్నాయి. అన్నిట్లోనూ ఉంది," అన్నారు.

ఆవిడ దాన్ని మోచేతి నుంచి వేలి కొస దాకా చాపి చూసుకుంది. సరిగ్గా మూరెడు. "ఇంతేనా అండీ," అని అడిగింది. ఎవరినో నిష్ఠూరమాడినట్టు కాదు. తెలుసుకుందామని అడిగింది.

"ఇంతేనమ్మా," అన్నారు ఆయన.

అదీ చెడుతుంది. మేమిద్దరం ఆవిడతో ఆ మాట చెప్పలేదు. కాగితం కవరులో పెట్టుకోమని, మూత బిగించవద్దని మాత్రం నేను చెప్పాను. ఈసారి సరిగ్గానే చెప్పాను.

మిగతా రీలు రెండేళ్ళలో డబ్బాలోనే గట్టిపడి ఒకే ముద్దయింది. ఆయన పారెయ్యలేదు, నన్నూ పారెయ్యనివ్వలేదు. నాకు గుడివాడ బదిలీ అయ్యాక, వెళ్ళినప్పుడల్లా ఇంకేవో మూకీల సంగతులు చెప్పేవారు. ఆ రీలు ఊసు మా మధ్య వచ్చేది కాదు. క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. తప్పు జరిగిందని కూడా ఎప్పుడూ అనలేదు.

పెద్దకర్మ రోజున షామియానా కింద కుర్చీలు వేశారు. ముందు గదిలో దక్షిణం గోడకు ఆయన ఫోటో, దీపం పెట్టారు. పదకొండు దాటాక ఆ పల్లెవాళ్ళు బస్సు దిగి వచ్చారు. ఈసారి ఏడుగురే ఉన్నారు. ఆవిడా వచ్చింది. ఫోటోకు దండం పెట్టుకుని, కుర్చీల్లోకి వెళ్ళకుండా అక్కడే కింద కూర్చున్నారు, ఫోటోకు వీపు పెట్టి, ఉత్తరం గోడకేసి.

ఆయన కూతురు కంగారుపడి, "నాన్న ఫోటో ఇటు ఉందండీ," అంది.

"చూశామమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "కాసేపు ఇలా కూర్చుంటాం."

భోజనాలకు పిలిచేదాకా ఎవరూ లేవలేదు. సున్నం కొట్టిన ఆ ఖాళీ గోడ మీద కిటికీ ఊచల నీడ మెల్లగా పక్కకు జరుగుతూ ఉంది.